ఒంటరి చేప పెట్టిన గ్రుడ్లు

గాజుతొట్లలో రంగుచేపలను పెంచు వేడుక నేడు మన పట్టణములందలి యిండ్లలో విరివిగా వ్యాపించినది. ఆ తొట్టిని కొనితెచ్చువారు మగవారో పిల్లలో యైనను, నెల తిరుగకముందే దానికి మేత వేయుటయు నీరు మార్చుటయు గృహిణి పాలికి వచ్చును. ఈ సంగతి సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున చేపల నడవడిలోని వింతలు మొట్టమొదట కంటబడునదియు నామెకే. అట్టి వింతలలో నొకదానిని గూర్చి యిచట వ్రాయుచున్నాను.

తొట్టిలో నొక్కటే చేప యుండును. అది యాడుదో మగదో యింటిలో నెవ్వరును విచారించి యుండరు. ఒకనాటి యుదయమున చూడగా, అడుగుననున్న రాతిపలకమీద వందలకొలది సన్నని గ్రుడ్లు, ఎవరో తీరికగ కూర్చుండి యంటించినట్లు, వరుసలుగా నుండును. చేప వానిమీదనే నిలిచి రెక్కలతో నీటిని విసరుచుండును. మేత వేయుటకు చేయి చాచినచో మీదికి దుముకును. ఏడాదికి పైగా నొంటరిగానున్న చేపకు గ్రుడ్లెట్లు కలిగినవి? ఇది శుభసూచకమని కొందఱు, అరిష్టమని కొందఱు తలంతురు. అంగడివాడు గర్భముతోనున్న చేపను తెలియనీయక యమ్మెనని మఱికొందఱి యభిప్రాయము. పిల్లలు మాత్రము పిల్లచేపలెప్పుడు పుట్టునని యడుగుదురు. ఆ ప్రశ్నయే యన్నిటికంటె కష్టమైనది, ఏలయన పుట్టవని చెప్పవలసివచ్చును.

ఇట్లు జంట లేకయే గ్రుడ్లు పెట్టుట సిక్లిడులను చేపల కుటుంబమున తఱచుగ కానవచ్చును. ఇది మిక్కిలి పెద్ద కుటుంబము. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా, విక్టోరియా సరస్సులును, మధ్యదక్షిణ అమెరికాలలోని నదులును దీనికి ముఖ్యస్థానములు. మన దేశమున సహజముగ నున్నవి మూడు జాతులు మాత్రమే. వానిలో పెద్దది కేరళీయులు ప్రీతితో తిను కరిమీను; 2010లో నది కేరళరాష్ట్రపు చేపగా ప్రకటింపబడినది. మన పులికాటు సరస్సులోను నది దొరకును. ఇండ్లలోని తొట్లలో నుండునవి చాలవఱకు విదేశపు జాతులు: పలుచని ఏంజెలు చేపలు, నల్లచాఱల కాన్విక్టులు, పెంచినవారి చేతినుండి మేత తినుటకు మరగు ఆస్కారులు, నుదుట బొడిపెగల ఫ్లవర్‌హార్నులు.

ఈ కడపటిది ప్రకృతిలో లేనిది. మధ్య అమెరికా జాతులను కలగలిపి 1990వ దశకమున మలేషియాలో దీనిని పుట్టించిరి. నుదుటి బొడిపె యెంత పెద్దదైన నంత యదృష్టమని నమ్మి హెచ్చువెలకు కొనువారు మన నగరములలోను గలరు. తనచెంత వేఱొక చేపను బ్రతుకనీయని పగ దీనికి సహజమగుటచే దీనిని ఒంటరిగనే పెంచుదురు. మగదని పేరుపెట్టి మురిసిన చేప యొకనాడు గ్రుడ్లు పెట్టినప్పుడు గాని దాని యాడుతనము బయటపడదు.

మనలను తికమకపెట్టు ప్రశ్నకు సమాధానము వంటయింటనే యున్నది. పుంజు లేని పెట్ట గ్రుడ్డు పెట్టదా? బజారున మనము కొను ఫారపు గ్రుడ్లు పుంజు మొగము నెఱుగని పెట్టలు పెట్టినవే. వానిని నూఱు దినములు పొదిగించినను పిల్ల లేవదు. కూరకు తెచ్చిన చేపను కోసినపుడు కడుపులో కానవచ్చు జన సంగతియు నంతే. అది యింకను మగచేప యంటని గ్రుడ్ల ముద్ద. దానిని వేపుడు చేసికొని తినుచునే, తొట్టిలోని చేప గ్రుడ్లు పెట్టినప్పుడు మాత్రము మనము ముక్కుమీద వ్రేలు వేసికొందుము.

గ్రుడ్డును తయారుచేయుట పూర్తిగ నాడుదాని శరీరముయొక్క పని. మెదడుక్రిందనున్న పీయూషగ్రంథినుండి వచ్చు రసములు అండాశయమును ప్రేరేపించును. అండాశయమునుండి వెలువడు రసము కాలేయమును మేల్కొలుపును. కాలేయము పచ్చసొనకు వలయు మాంసకృత్తును సిద్ధముచేసి రక్తముద్వారా నంపగా, అండములు దానిని పీల్చుకొని బలియును. వెచ్చని నీరు, కడుపునిండ మేత, భయములేని చోటు సమకూరినచో నీ పని చక్కగ సాగును. ఇంతవఱకు మగచేపకు పాత్ర లేదు. గ్రుడ్డు నీటిలో పడిన పిదప గాని దాని వంతు రాదు. ఆడుది గ్రుడ్లను వరుసగ నంటించుచు పోవ, మగది వెనువెంట నా వరుసమీదుగ నీదుచు శుక్రమును విడుచును. ప్రతి గ్రుడ్డునకును సూదిమొనకంటె సన్నని రంధ్రమొక్కటి కలదు. శుక్రకణము చొచ్చు త్రోవ యదియే. నీరు తగిలిన కొలదిసేపటికే యది మూసికొనిపోవును.

అందుచేత అంగడివానిపై మోపిన నింద నిలువదు. గప్పీల వంటి పిల్లలుపెట్టు చేపలు శుక్రమును కడుపులో నెలలతరబడి దాచుకొనగలవు. మగదానిని వేఱుచేసిన తరువాతను అవి పిల్లలను పెట్టుటకు కారణమదియే. సిక్లిడుల కట్టి యేర్పాటు లేదు. వానియందు ఫలదీకరణము కడుపులో జరుగదు గనుక గర్భముతోనున్న సిక్లిడు అను మాటయే పొసగదు.

జంతువులన్నింటికి నొక్కటే రీతి యనరాదు. పిల్లియు కుందేలును మగదానితో కలిసినపిదప గాని యండమును విడువవు. స్త్రీశరీరమున మగవాని ప్రసక్తి లేకయే నెలనెలయు నండము పక్వమగును. సిక్లిడు ఈ రెంటికిని నడుమ నున్నది: మగది లేకయు గ్రుడ్లు పెట్టగలదు, కాని తన చుట్టునున్న లోకమును లెక్కచేయకపోదు. దీనిని గూర్చి జరిగిన పరీక్షలు మిక్కిలి సొగసైనవి.

తొలుత పావురముల మాట. 1939లో హారిసన్ మాథ్యూసు అను ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆడుపావురములను పరీక్షించెను. పూర్తిగ నొంటరిగానుంచిన పావురము గ్రుడ్డు పెట్టలేదు. గాజుపలక కావల మగపావురము కనబడుచున్నచో పెట్టెను. మఱియొక యాడుపావురము తోడున్నను పెట్టెను. కడపట ఒంటరి పావురము పంజరమున నద్దము నుంచగా, తన నీడను తానే చూచికొనుచు నది గ్రుడ్డు పెట్టెను!

చేపలయందు నిట్టి పరీక్షలను లెస్టరు ఆరన్సను అమెరికాలో జరిపి 1945లో ప్రకటించెను. అతడు తీసికొన్నది పశ్చిమాఫ్రికా తీరపు నల్లగడ్డపు తిలాపియా. ఈ జాతిలో గ్రుడ్లను నోట పెట్టుకొని పెంచువాడు తండ్రి యగుట మఱియొక విశేషము. ఒంటరిగనున్న యాడుచేపలును గ్రుడ్లు పెట్టినవి, కాని యరుదుగ. గాజుపలక కావల మగచేపను చూచుచున్నవి తఱచుగ పెట్టినవి. ఏంజెలు చేపలనుగూర్చి చియెను పేర 1973లో వెలువడిన పరిశోధనయు మగదాని దర్శనమువలన గ్రుడ్ల పర్యాయములు హెచ్చునని తేల్చెను. స్పర్శ లేదు, చూపు చాలినది. మన యిండ్లలోని తొట్టిగాజు రాత్రివేళ దీపపు వెలుగున నద్దమువలె నగుట మీరు చూచియుందురు. ఒంటరి చేప యా నీడయెదుట రెక్కలు విప్పుకొని వయ్యారములు పోవుటయు కలదు. ఆ నీడనే తోడని భ్రమించునేమో యని నా యూహ. ఇది యూహయే గాని పరీక్షించి చెప్పినమాట కాదు.

ఇక గ్రుడ్లచెంత ఆ చేప చేయు పరిచర్య కూర్చుండి చూడదగినది. పెట్టుటకు ముందుగనే నోటితో రాతిని గీకి శుభ్రముచేసికొనును. అప్పుడే దాని పొట్టక్రింద చిన్న గొట్టము వెలికివచ్చును. ఆడుదానికిది లావుగ మొద్దుగ నుండును. మగదానికి సన్నమై మొనదేఱియుండును. చేప యేదియో తెలిసికొనగోరువారికి నిదియే నమ్మదగిన గుఱుతు. గ్రుడ్లు పెట్టిన మీదట రేయింబవళ్లు వానిని విడువదు. రెక్కలతో విసరి క్రొత్తనీరు వానికి తగులునట్లు చేయును, ఏలయన ప్రాణవాయువు చాలని గ్రుడ్డు బ్రతుకదు. చెడినదానిని నోటితో నేఱివేయును. నత్త యొకటి దాపునకు ప్రాకివచ్చినను తఱిమికొట్టును. మగతోడుగల తల్లి యేమేమి చేయునో యదియంతయు నీ యొంటరిదియు చేయును. ఒక్కటి మాత్రము దానికి తెలియదు.

ఫలించిన గ్రుడ్లయినచో ఏంజెలు చేపకు రెండు మూడు దినములలో పగులును; వారము దినములకు పిల్లలు స్వేచ్ఛగ నీదును. ఒంటరి చేప గ్రుడ్డు గతి వేఱు. మొదటిదినమున నదియు తేనెరంగుగ మెఱయుచు ఫలించిన గ్రుడ్డువలెనే యుండును. ఇంటివారి యాశ పెరుగునది యా యొక్క దినముననే. తరువాత పొర బలము తగ్గి లోని లవణములు నీటిలోనికి జాఱిపోవగా పచ్చసొనలోని మాంసకృత్తు గడ్డకట్టును. గ్రుడ్డు సున్నపుచుక్కవలె తెల్లబాఱును. పిదప దూదివంటి బూజు పట్టును. చేప తెల్లబాఱినవానిని కొంచెము కొంచెముగ తినుచుండి, యొక రాత్రి మిగిలినవానినెల్ల తిని పలకను ఖాళీచేయును. ఇది చూచి, కన్నబిడ్డలను తినిన పాపిష్ఠిది యని దానిని తిట్టువారు గలరు. బిడ్డలే లేరుగదా! తన దేహమునుండి వెచ్చించినదానిని మఱల తన దేహమునకే చేర్చుకొనుచున్నది. మిగిలిన యన్నమును పాఱవేయక మఱునాటికి పులిహోర చేయు నిల్లాలిని మనము పాపిష్ఠి యనము.

మలావీ సరస్సు చేపలలో నీ కథ మఱియొక విధముగ నడచును. అచ్చటి జాతులలో చాలవానియందు ఆడుది తాను పెట్టిన గ్రుడ్లను వెంటనే నోట దాచుకొనును. దాదాపు మూడువారములు పిల్లలు నోటిలోనే పెరుగును. అంతవఱకు తల్లి యించుమించుగ నిరాహార. అంత తొందఱగ నోట వేసికొన్న గ్రుడ్లు ఫలించుటెట్లు? వోల్ఫ్‌గాంగ్ విక్లరు అను శాస్త్రజ్ఞుడు ఇట్టి నోటి పెంపకపు చేపలయందలి కిటుకును 1962లో వివరించెను. మగచేప తోకదగ్గఱి క్రిందిరెక్కపై గ్రుడ్లను బోలు చుక్కలు కలవు. ఆడుది వానిని తన గ్రుడ్లేయని తలచి యేఱబోవును. ఆ క్షణమున మగది విడిచిన శుక్రము దాని నోటిలోనికి పోవును.

మగది లేని తొట్టిలోను ఇట్టి యాడుచేప గ్రుడ్లు పెట్టి నోట నించుకొనును. దవడ యుబ్బి, మేత ముట్టక, మూల నొదిగి తిరుగును. జబ్బు చేసినదని యింటివారు మందు తెచ్చి నీటిలో కలుపుదురు. మందక్కఱలేదు. ఫలింపని గ్రుడ్లను కొలది దినములలో నది మ్రింగివేయును, లేక యుమిసివేయును. పిదప యథాప్రకారము మేత తినును.

ఏంజెలు చేపలతో నొక చిక్కు కలదు. వానిలో ఆడుది యేదో మగది యేదో పైకి తెలియదు. రెండాడుచేపలే జంటకట్టి, ఆకును శుభ్రముచేసి, రెండును గ్రుడ్లు పెట్టి, రెండును కావలి కాయుట చేపల పెంపకమున నాఱితేఱినవారు ఎఱిగినదే. చూచువారికి చక్కని దంపతులవలె తోచును. గ్రుడ్లన్నియు తెల్లబాఱును. మఱల పెట్టును; మఱల తెల్లబాఱును. అప్పుడు యజమాని చెప్పు తీర్పు, ఆడుచేప గొడ్డుదని! దానిని తీసివేసి మఱియొకదానిని తెచ్చును. రెండవది మగదియో కాదో చూడనే చూడడు. మగదియే యైనను దోషము దానిదే కావచ్చును. ఫ్లవర్‌హార్ను మగచేపలలో, సంకరజాతి యగుటచే, సంతానశక్తి లేనివి పెక్కు. గ్రుడ్లు పెట్టిన యాడుచేప తన పని తాను చేసినది.

ఈ తీర్పు మనకు క్రొత్తది కాదు. సంతానము లేని యింట మొదటి మాట కోడలిమీదనే పడును. మందులు, మ్రొక్కులు, ఉపవాసములు నామెకే. సంతానము కలుగని దంపతులలో దాదాపు సగముమందియందు పురుషుని లోపమునకును పాలుండునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. దానిని తెలిసికొను పరీక్ష స్త్రీకి చేయు పరీక్షలకంటె సులభమైనది, నొప్పి లేనిది. ఐనను తఱచు ఆ పరీక్షయే యన్నిటికంటె వెనుకబడును. చేపల వ్యాసమున నీ మాట యేలయని కొందఱనుకొనవచ్చును. చేపను గొడ్డుదనిన నోరే యా యింట నింకొకరినిగూడ ననును గనుక వ్రాసితిని.

తండ్రి లేక పుట్టిన చేపపిల్ల లోకమున నెచ్చటను లేదా యన్నచో, కలదు. 2001 డిసెంబరులో అమెరికాలోని ఒమాహా జంతుప్రదర్శనశాలలో బానెట్‌హెడ్ అను చిన్నజాతి సొఱ యొకటి పిల్లను పెట్టెను. అచ్చటి ఆడుసొఱలు మూడేండ్లుగ మగదానిని చూచియుండలేదు. 2007లో ప్రకటించిన జన్యుపరీక్షలవలన ఆ పిల్లకు తండ్రి లేడని తేలెను. పాపము, పుట్టిన కొలదికాలమునకే తొట్టిలోని వేఱొక చేప దానిని చంపినది. దీనిని అనిషేకజననమందురు. సిక్లిడుల వంశమున 2016లో ప్రకటింపబడిన వింత వేఱొకటి. దగ్గఱి చుట్టఱికముగల రెండు జాతులను కలుపగా పుట్టిన సంకరచేపలలో నొకటి ఆడుతనము మగతనము రెండును గలదై, తన గ్రుడ్లను తానే ఫలింపజేసికొని పిల్లలను పొందెను. ఇది అనిషేకజననము కాదనియు ఆత్మఫలదీకరణమనియు జన్యుపరీక్షలు నిశ్చయించినవి. ఇట్టిది శాస్త్రజ్ఞులే యచ్చెరువందిన సంగతి. మన తొట్టిలో జరుగునని పిల్లలకు మాట యీయదగినది కాదు.

గ్రుడ్లు కనబడిన దినమున చేయవలసినదేమి? ఏమియు చేయవలదు. వెంటనే తీసివేసినచో చేప కలవరపడి తొట్టియంతయు వెదకును. త్వరలోనే మఱల గ్రుడ్లు పెట్టుటయు కలదు. మూడు నాలుగు దినములు దానికే విడుచుట మేలు. అది తినగా మిగిలి బూజుపట్టినవానిని సన్నని గొట్టముతో పీల్చివేయవచ్చును. చేపల దుకాణమున దొరకు మిథిలీను బ్లూ అను నీలిమందు బూజును కొంత ఆపును గాని ఫలింపని గ్రుడ్డును ఫలింపజేయజాలదు. దానికి డబ్బు వెచ్చించుట దండుగ.

మాటిమాటికి గ్రుడ్లు పెట్టుట చేపకు శ్రమయే, ప్రతిమాఱును దాని దేహసారము కొంత వ్యయమగును. నీటివేడి 29, 30 డిగ్రీలున్నచో 25, 26 డిగ్రీలకు మెల్లమెల్లగ దింపి, మేతను కొంచెము తగ్గించిన పర్యాయములు తగ్గును. కడుపు దినదినము నుబ్బుచు, గ్రుడ్లు రాక, చేప మేత మాని, పొలుసులు విచ్చుకొని నిలిచినచో నది గ్రుడ్ల ముచ్చట కాదు, జబ్బు. ఆలసింపక తెలిసినవారికి చూపవలెను.

జాలిపడి తోడు తేబోవువారు తొందఱపడరాదు. ఇఱుకుతొట్టిలో క్రొత్తగ వేసిన మగసిక్లిడు ఆడుదానిని కఱచి తఱిమి చంపుట తఱచు జరుగునదే. తేదలచినచో తొట్టి పెద్దదై యుండవలెను. నడుమ గాజుపలక నుంచి కొన్నిదినములు ఒకదానినొకటి చూచుకొననీయవలెను. జంట కుదిరినచో పిల్లలు వందలకొలది పుట్టును. వానినేమి చేయుదురో ముందుగనే యాలోచించుకొనవలెను. చెఱువులలో కాలువలలో విడిచిపెట్టుట మాత్రము తగదు. 1952లో మన దేశమునకు తెచ్చిన మొజాంబికు తిలాపియా యీ కుటుంబపు చేపయే. అది చెఱువులనుండి నదులకు వ్యాపించి మన చేపల మేతను చోటును ఆక్రమించినది.

గ్రుడ్లంటిన రాతిపలకను కడుగునప్పుడు సబ్బు తగులనీయక వట్టినీటితో తోమి, తీసిన చోటనే మఱల పెట్టుడు. తరువాతి పర్యాయము చేప చాలవఱకు దానినే వెదకికొనును.